తప్పు ఎవరికి కట్టాలి?



తాడ్వాయి అడవిలో ఒక కోయగూడెం అనుకుందాం. పేరు అక్కర్లేదు. ఇరవై ఏళ్లు నిండని కుర్రాడొకడు రాత్రిపూట పొరుగింటి మేకను తోలుకుపోయి, నలుగురు దోస్తులతో కలిసి కోసుకు తిన్నాడు. పొద్దున వాగు ఒడ్డున తోలు దొరికింది. మధ్యాహ్నానికల్లా పేరు కూడా దొరికింది. గూడెంలో ఇలాంటివి దాగవు.

మేక పోగొట్టుకున్న ఆమె ముందు ఇప్పుడు రెండు దారులున్నాయి. మొదటిది పటేల్ గడప. పటేల్ పూజారిని, పెద్దమనుషులను పిలిపిస్తాడు. ఇరుపక్షాల చేతా ధరావత్తు పెట్టిస్తారు. మధ్యలో అలిగి లేచిపోతే ఆ సొమ్ము పోయినట్టే. కుర్రాడి తండ్రి, మేనమామ వచ్చి కూర్చుంటారు. చూసినవాడు చూసింది చెబుతాడు, చూడనివాడు కూడా ఏదో ఒకటి చెబుతాడు. చివరికి తప్పు, అంటే జరిమానా, వేస్తారు. మేక ఖరీదు మేక గలామెకు పోతుంది, ఇంకొంత ఊరికి పోతుంది. ఊరి వాటా కల్లుగానో సారాగానో మారుతుంది. నిన్నటిదాకా తిట్టుకున్నవాళ్లు ఒకే బంతిలో కూర్చుని తిన్నారంటే తగువు తెగినట్టు. అన్ని గూడేల్లో ఇదే పద్ధతి ఉందనడం లేదు. లంబాడీ తండాలో అయితే నాయక్, కార్‌బారీ కూర్చుని నడిపే నసాబ్ ఉంటుంది. ఉట్నూరు గోండుల్లో రాయ్ సెంటరు ఉంటుంది, దానికి సార్‌మేడి పెద్ద. పేర్లు వేరైనా కూర్చునే తీరు ఇంచుమించు ఒకటే.

రెండో దారి పోలీస్ స్టేషన్. అక్కడ కాయితం మీద పడ్డ మరుక్షణం ఆ మేక ఆమెది కాకుండా పోతుంది. నేరం రాజ్యం మీద జరిగినట్టు లెక్క. తోలుకు పంచనామా, ఆమెకు సాక్షి సమన్లు, కుర్రాడికి వాయిదాలు. ఏటూరునాగారం అవతలి ఊళ్లవాళ్లు జిల్లా కోర్టు పని పడితే వంద కిలోమీటర్లు ప్రయాణం చేసి వరంగల్ రావలసి వచ్చేది. 2022 జూన్ 2న రాష్ట్రంలో కొత్త న్యాయ జిల్లాలు మొదలై ములుగుకు జిల్లా కోర్టు వచ్చింది కాబట్టి ఆ దూరం తగ్గింది. జైలు దూరం మాత్రం పెరిగింది. నిజాం కాలంనుంచి ఉన్న వరంగల్ సెంట్రల్ జైలును 2021లో కూలగొట్టి, ఆ జాగాలో పెద్దాసుపత్రి కట్టడం మొదలుపెట్టారు. ఖైదీలను ఇతర జిల్లాల జైళ్లకు పంచేశారు. ఆసుపత్రి రావడం మంచిదే. కానీ రిమాండులో పడ్డ కొడుకును చూసుకోవడానికి ఒక కోయ తల్లి ఎన్ని బస్సులు మారాలో ఆ లెక్క ఎవరి ఫైల్లోనూ ఉండదు.

ఈ రెండు దారులూ ఎక్కడా కలవవు. గూడెం చేసిన పంచాయితీ కోర్టుకు తెలియదు. కోర్టు వేసిన శిక్షతో గూడేనికి పని లేదు. ఒక్కోసారి కుర్రాడు రెండుచోట్లా తప్పు కట్టుకుంటాడు. ఇంకోసారి రెండుచోట్లా తప్పించుకుంటాడు. ఈ పూట నేను మాట్లాడబోయేది ఆ కలవకపోవడం గురించే.

ముందు కొత్త చట్టం సంగతి. 2024 జులై 1నుంచి ఇండియన్ పీనల్ కోడ్ పోయి భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. దాని నాలుగో సెక్షన్‌లో శిక్షల జాబితా ఉంది. మరణశిక్ష, యావజ్జీవం, జైలు, ఆస్తి జప్తు, జరిమానాల తర్వాత ఆరోదిగా సమాజ సేవ చేరింది. మెకాలే రాసిన పాత కోడ్‌లో ఈ మాట లేదు. పిల్లల కోసం 2015లో వచ్చిన జువెనైల్ జస్టిస్ చట్టంలో ఉంది గానీ, శిక్షాస్మృతిలో పెద్దవాళ్ల శిక్షగా చేరడం ఇదే మొదటిసారి. తాగి బజార్లో గలాటా చేయడం, పరువునష్టం, ఇలాంటి కొన్ని చిన్న నేరాలకు ఈ శిక్ష వేయవచ్చు. దొంగతనానికి కూడా వర్తిస్తుంది, కాకపోతే కొన్ని షరతులున్నాయి. మొదటిసారి దోషిగా తేలినవాడై ఉండాలి. సొత్తు విలువ 5,000 రూపాయల లోపు ఉండాలి. సొత్తునో దాని విలువనో తిరిగి ఇచ్చెయ్యాలి.

ఇక్కడ మన మేక దగ్గరికి రండి. మేడారం జాతర రోజుల్లో మేకల బేరం చేసినవాళ్లెవరైనా చెబుతారు, ఒక మోస్తరు మేక 5,000 రూపాయలకు రాదని. అంటే మన కుర్రాడికి సమాజ సేవ దక్కదు. కోడిని దొంగిలించి ఉంటే దక్కేది. చట్టం రాసినవాళ్లు సెల్‌ఫోన్‌ను దృష్టిలో పెట్టుకున్నారో పర్సును పెట్టుకున్నారో గానీ, ఏజెన్సీలో ఆస్తి అంటే పశువేనని తోచినట్టు లేదు.

సరే, కోడే అనుకుందాం. మరి సమాజ సేవ అంటే ఏమిటి? నాగరిక్ సురక్షా సంహిత 23వ సెక్షన్ కింద ఒక వివరణ ఇచ్చారు. దోషి చేత కోర్టు చేయించే, సమాజానికి మేలు కలిగే పని, దానికి కూలి ఉండదు అని. ఎన్ని గంటలు చేయాలి, ఎవరి దగ్గర చేయాలి, ఎవరు చూసుకోవాలి, ఏ సమాజానికి చేయాలి అన్నవేవీ ఆ వివరణలో లేవు. తాగి బండి నడిపినవాళ్లను సర్కారు దవాఖానాలో ఊడ్వమన్న తీర్పులు ఈమధ్య మన రాష్ట్రంలోనూ పేపర్లలో చూస్తున్నాం. పట్నం మనిషికి అది సరిపోతుందేమో. గూడెం కుర్రాణ్ని తెచ్చి ములుగు ఆసుపత్రి వరండా తుడిపిస్తే, కోడి పోయినామెకు ఒరిగేదేమిటి? ఆమెకు తన కోడి కావాలి, వాడు తన ముఖం చూసి మాట్లాడటం కావాలి, రేపు మళ్లీ చేయడన్న భరోసా కావాలి. ఈ మూడూ పటేల్ గడప దగ్గర దొరికేవే.

అందుకని అధికారమంతా పటేల్‌కే అప్పజెబుదామా? అది అంత తేలిక కాదు. పైగా ఆ పని ఒకసారి జరిగింది కూడా, మన దగ్గరే.

1940లో జోడేఘాట్‌లో కొమురం భీంను కాల్చి చంపాక నిజాం సర్కారుకు భయం పుట్టింది. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోవాలనుకుంది. వియన్నానుంచి వచ్చిన మానవశాస్త్రవేత్త క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్ అప్పటికే చెంచుల మధ్య తిరుగుతున్నాడు. ఆదిలాబాద్ గోండుల గురించీ, నాటి వరంగల్ జిల్లాలో భాగమైన పాల్వంచ వైపు కొండరెడ్ల గురించీ సర్కారుకు నివేదికలు రాశాడు. తర్వాత సర్కారుకే సలహాదారు అయ్యాడు. భూమి పట్టాలు, బడులతో పాటు అతను పట్టుబట్టిన విషయాల్లో ఇదీ ఒకటి. గోండు, కోయ తగాదాలు వాళ్ల పంచాయతీలే తీర్చుకోవాలి, మామూలు కోర్టులు అందులోకి రాకూడదు అన్నాడు. 1356 ఫసలీలో, అంటే 1946లో, గిరిజన ప్రాంతాల రెగ్యులేషన్ వచ్చింది. పోలీసు చర్య తర్వాత 1359 ఫసలీలో, అంటే 1949లో, దాన్ని మళ్లీ తెచ్చి నిబంధనలు రాశారు. కలెక్టరు ఏజెంటు, ఆయన కింద గిరిజన పంచాయతీలు, చిన్న సివిల్, క్రిమినల్ తగాదాలు వాటి చేతిలో. భీంను చంపిన ప్రభుత్వమే ఆ చట్టం తేవడం చరిత్రలో ఒక చిత్రం.

అది ఎక్కువ కాలం నిలవలేదు. 1963లో ఆంధ్ర ప్రాంతపు భూబదిలీ నిబంధనలను తెలంగాణకు విస్తరించినప్పుడు పాత రెగ్యులేషన్‌కు కాలం చెల్లింది. భూమికి రక్షణ వచ్చింది, ఆ మాట ఒప్పుకోవాలి. పంచాయతీల అధికారం మాత్రం చడీచప్పుడు లేకుండా జారిపోయింది. గూడేల్లో తగువులు ఆగలేదు కాబట్టి పంచాయితీలూ ఆగలేదు. చట్టం వాటిని చూడటం మానేసింది, అంతే.

మళ్లీ చూసింది 1996లో. ఆ ఏడాది డిసెంబరు 24న వచ్చిన పెసా చట్టం, షెడ్యూల్డు ప్రాంతాల్లో ప్రతి గ్రామసభకూ కొన్నిటిని కాపాడుకునే సామర్థ్యం ఉందని చెప్పింది. ఆచారాలు, సంస్కృతి, ఉమ్మడి వనరులు, వాటితో పాటు వివాదాలను పరిష్కరించుకునే సంప్రదాయ పద్ధతి. సెక్షన్ 4(డి). ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1998లో పంచాయతీరాజ్ చట్టాన్ని సవరించారు, నిబంధనలు 2011లో వచ్చాయి. చట్టానికీ నిబంధనలకూ మధ్య పదమూడేళ్లు. మధ్యప్రదేశ్ 2022లో తన పెసా నిబంధనల్లో ప్రతి గ్రామసభకూ శాంతి, వివాద నివారణ కమిటీ ఉండాలంది. ఊరి మనిషి మీద ఎఫ్‌ఐఆర్ పడితే పోలీసులు ఆ సంగతి గ్రామసభకు చెప్పాలని కూడా రాసింది. అమలు ఎట్లా ఉందన్నది వేరే ప్రశ్న. స్టేషనుకూ సభకూ మధ్య ఒక తోవ అయితే వేశారు.

ఇంతవరకు నా మాటల్లో గూడెం పంచాయితీ మరీ తియ్యగా వినిపించి ఉంటుంది. చేదు కూడా చెప్పాలి.

పటేల్ గడప ముందు కూర్చునే పెద్దమనుషుల్లో ఆడవాళ్లు ఎంతమంది? మేక ఆమెదే అయినా ఆమె తరఫున మాట్లాడేది భర్తో అన్నో. తప్పు సొమ్ములో సగం సారాకు పోతే, ఆ సారా తాగివచ్చిన మొగుడితో తన్నులు తినేదీ ఆమే. చేతబడి చేసిందని ఒక ముసలామె మీద వేలు చూపి, వెలివేసి, చివరికి ప్రాణం తీసిన ఘటనలు ఈ రాష్ట్రానికి కొత్త కాదు. అలాంటి చాలాచోట్ల ముందు ఒక పంచాయితీ కూర్చునే ఉంటుంది. 2014 జనవరిలో పశ్చిమ బెంగాల్ బీర్భూం జిల్లాలో పరాయి సామాజిక వర్గంవాణ్ని ప్రేమించిందని ఒక సంతాల్ యువతికి ఊరి సభ జరిమానా వేసింది. ఆమె కట్టలేనంటే సామూహిక అత్యాచారానికి ఆదేశం ఇచ్చిందన్న ఆరోపణ దేశాన్ని కుదిపేసింది. సుప్రీంకోర్టు తనంతట తానే ఆ కేసు చేపట్టింది. అంతకు మూడేళ్ల ముందు, 2011లో, తమిళనాడునుంచి వచ్చిన ఒక కేసులో ఇలాంటి కట్ట పంచాయతీలు చట్టవిరుద్ధమని చెప్పి ఉంది.

అందుకే నేను ఒక గీత గీస్తాను. దోషి అవునా కాదా తేల్చడం కోర్టు పని. ఆడవాళ్ల మీద, పిల్లల మీద జరిగిన హింస, ప్రాణం పోయిన కేసు, ఇవి ఏ సభకూ వదలకూడదు. అత్యాచారం కేసులో రాజీ అన్న మాటే చెల్లదని సుప్రీంకోర్టు 2015లో మదన్‌లాల్ కేసులో చెప్పింది. ఆ గీతకు ఇవతల మిగిలేది చిన్న చిన్న దొంగతనాలు, కొట్లాటలు, పొలంగట్టు తగాదాలు, తాగుడు గలాటాలు. అక్కడ దోషి అని తేలాక ఏం చేయాలి అన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న దగ్గర ఊరి మాట వినాలి.

కెనడా చేసింది ఇదే. 1992లో యూకాన్ ప్రాంతంలో బ్యారీ స్టువర్ట్ అనే న్యాయమూర్తి, మోజెస్ అనే ఆదివాసీ కేసులో శిక్ష తేల్చే రోజున కోర్టు గదిలో కుర్చీలు గుండ్రంగా వేయించాడు. తానూ ఆ గుండ్రంలో ఒక కుర్చీలో కూర్చున్నాడు. కుటుంబం, ఊరిపెద్దలు, పోలీసు, లాయరు వంతులవారీగా మాట్లాడారు. పార్లమెంటు శిక్షాస్మృతిలో చేర్చిన ఒక వాక్యం 1996లో అమల్లోకి వచ్చింది. జైలు తప్ప ఇంకేదైనా దారి ఉందేమో చూడాలి, ఆదివాసీ నేరస్థుల పరిస్థితిని ప్రత్యేకంగా చూడాలి అని. 1999లో గ్లాడ్యూ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఆ వాక్యానికి ప్రాణం పోసింది. నిందితురాలు పట్నంలో ఉంటోంది, రిజర్వులో లేదు, కాబట్టి ఆమెకు ఈ వెసులుబాటు లేదని కింది కోర్టు అంది. ఎక్కడ ఉన్నా ఆదివాసీ ఆదివాసీయే అని పై కోర్టు తేల్చింది. అప్పటినుంచి నేరస్థుడి కుటుంబం, ఊరు, అనుభవించిన నష్టాలు, ఊరు చేయగల సాయం, అన్నీ రాసిన నివేదిక జడ్జి బల్ల మీదికి వస్తోంది. న్యూజిలాండ్‌లో పిల్లల కేసుల కోసం 1989నుంచి కుటుంబమంతా కూర్చుని తేల్చే పద్ధతి ఉంది. 2008నుంచి మావోరీ ఆదివాసుల మరాయ్ సభా ప్రాంగణంలోనే కోర్టు కూర్చోవడం కూడా మొదలైంది. ఆస్ట్రేలియాలో 1999లో పోర్ట్ అడిలైడ్‌లో నుంగా కోర్టు, 2002లో విక్టోరియాలో కూరీ కోర్టు వచ్చాయి. వాటిలో తీర్పు చెప్పేది మేజిస్ట్రేటే, పక్కన పెద్దలు కూర్చుంటారు.

అక్కడ అన్నీ బాగుపడ్డాయని నమ్మించబోవడం లేదు. కెనడా జనాభాలో ఆదివాసులు 5 శాతం. గ్లాడ్యూ తీర్పు వచ్చి పాతికేళ్లు దాటినా ఫెడరల్ జైళ్లలో వాళ్ల వాటా తగ్గలేదు, మూడోవంతు దాకా పెరిగింది. శిక్ష వేసే రోజున కుర్చీలు మార్చినంత మాత్రాన, ఆ మనిషిని ఆ గదిదాకా తెచ్చిన పేదరికం, తాగుడు, పోలీసు నిఘా మారవు.

పోలీసు నిఘా అంటే మనకు మన చరిత్రే గుర్తుకు రావాలి. 1871నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టానికి కొనసాగింపుగా వచ్చిన 1911, 1924 చట్టాలు ఎరుకల కులం మొత్తాన్నీ పుట్టుదొంగలని రాసిపెట్టాయి. ఆ చట్టం రద్దయ్యేదాకా వాళ్లలో ఎందరో బాపట్ల దగ్గరి స్టువర్టుపురం సెటిల్‌మెంటులో హాజరు పలుకుతూ బతికారు. ఆ తర్వాత కూడా ఎక్కడ తాళం పగిలినా ముందు అక్కడికే పోలీసు జీపు వెళ్లేది. 1970ల మధ్యలో నాస్తికవాది గోరా కుమారుడు లవణం, ఆయన భార్య, కవి జాషువా కూతురు అయిన హేమలతా లవణం అక్కడికి వెళ్లి పని మొదలుపెట్టారు. పాత కేసులున్నవాళ్లతో మాట్లాడటం, వాళ్ల పిల్లలను బడికి పంపించడం, ప్రభుత్వంతో పోలీసులతో బేరాలు. దీనికి ఇంగ్లీషులో రెస్టొరేటివ్ జస్టిస్ అనే పెద్ద పేరు ఉందని చెబితే హేమలత గారు నవ్వి ఊరుకునేవారేమో. దొంగ ఇంట్లో అన్నం తిని, మర్నాడు అతని తరఫున స్టేషనుకు వెళ్లడమే వాళ్ల పద్ధతి. నా లెక్కలో తెలుగు నేల మీద ఈ విషయంలో జరిగిన అతిపెద్ద ప్రయోగం అదే. దాన్ని మన న్యాయ కళాశాలల్లో ఎంతమంది చదువుతున్నారో నాకు అనుమానమే.

ఇక మనకు చేతిలో ఏముందో చూద్దాం. కొత్త చట్టం కోసం ఎదురుచూడక్కర్లేదు. 1958నాటి ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం ఇప్పటికీ బతికే ఉంది. ఇరవై ఒక్క ఏళ్ల లోపు వాణ్ని చిన్న నేరానికి జైలుకు పంపకూడదు, పంపాలంటే కారణాలు రాయాలి, దానికి ముందు ప్రొబేషన్ అధికారి నివేదిక తెప్పించుకుని చూడాలి అంటుంది ఆరో సెక్షన్. నష్టపోయినవాళ్లకు పరిహారం కట్టించవచ్చంటుంది ఐదో సెక్షన్. సత్ప్రవర్తన బాండు మీద విడిచి, మూడేళ్లదాకా కన్నేసి ఉంచవచ్చంటుంది నాలుగో సెక్షన్. మన మేక కుర్రాడికి ఇరవై ఏళ్లు నిండలేదు. మేక ధర 5,000 దాటినా ఈ చట్టానికి అడ్డేమీ లేదు. మేకగలామెకు మేక డబ్బు కోర్టు ద్వారానే ఇప్పించవచ్చు. గూడేనికి తెలిసిన న్యాయం అరవై ఏళ్లకు పైగా చట్టం పుస్తకంలోనే ఉంది, పాత సంచికల్లో అట్టలు నలిగి.

ప్రొబేషన్ అధికారి ఆ నివేదిక ఎక్కడ కూర్చుని రాస్తాడు అన్నదే అసలు సంగతి. వరంగల్ ఆఫీసులో కూర్చుని, నిందితుణ్ని పిలిపించి, ఫారం నింపి రాయవచ్చు. లేదా గూడేనికి వెళ్లి, పెసా గ్రామసభను కూర్చోబెట్టి, మేకగలామెను ముందు మాట్లాడమని, తర్వాత కుర్రాడి తల్లిని, తర్వాత పెద్దలను అడిగి రాయవచ్చు. సభలో ఆడవాళ్లు ఎందరు కూర్చున్నారో, ఎవరు ఏమన్నారో, పంచాయతీ కార్యదర్శి పుస్తకంలో ఎక్కాలి. తప్పు సొమ్ములో ఒక్క రూపాయి కూడా సారాకు పోవడానికి వీల్లేదని అదే పుస్తకంలో రాయాలి. సంతకాలతో ఆ కాయితం మేజిస్ట్రేటు ముందుకు రావాలి. ఆయన ఒప్పుకోవచ్చు, ఒప్పుకోకపోవచ్చు. ఊరికి నచ్చని తీర్పు వచ్చినా, కుర్రాడికి నచ్చని తీర్పు వచ్చినా, పై కోర్టు తలుపు తెరిచే ఉంటుంది. గ్రామసభ మాట చట్టానికి తెలుస్తుంది, చట్టం ఏమందో గూడేనికి తెలుస్తుంది.

ఒక మాట చెప్పకపోతే ఇదంతా గాల్లో మాటలవుతుంది. ఆ అధికారికి కోయ భాష వచ్చా? రాకపోతే సభలో తెలుగొచ్చిన నలుగురు మగవాళ్లే మాట్లాడతారు, నివేదికా వాళ్లదే అవుతుంది. ఏటూరునాగారం ఐటీడీఏ పరిధిలో చదువుకున్న కోయ పిల్లలకు, ముఖ్యంగా ఆడపిల్లలకు, ఇవాళ కొదవ లేదు. వాళ్లలో కొందరిని ఈ పనికి తీసుకుంటే దుబాసీ ఖర్చు తప్ప ఇంకేమీ పెరగదు. అటు, 2022 చివరికి దేశంలోని జైళ్లలో ఉన్న దాదాపు 5 లక్షల 73 వేల మందిలో 4 లక్షల 34 వేల మంది ఇంకా విచారణ ముగియనివాళ్లే. వాళ్లలో ఒక్కొక్కణ్ని ఒక్కొక్క రోజు మేపడానికి అయ్యే ఖర్చుతో పోలిస్తే ఈ దుబాసీ ఖర్చు లెక్కలోకి రాదు.

ఇప్పుడు అసలైన చిక్కు. ఏజెన్సీలో కోయల మీద పడే కేసులు తీసి చూస్తే, మేక దొంగతనాలు తక్కువ. అడవి కేసులు ఎక్కువ. పోడు కొట్టారని, కలప తెచ్చారని, అభయారణ్యంలోకి పశువులను తోలారని. ఇక్కడ నష్టపోయింది ఎవరు? కాయితం మీద ప్రభుత్వం. మరి ఆ ప్రభుత్వమే 2006లో అటవీ హక్కుల చట్టం తెస్తూ, దాని పీఠికలో, అడవిబిడ్డలకు చారిత్రక అన్యాయం జరిగిందని రాసుకుంది. 2023 జూన్ చివర మన రాష్ట్రంలో లక్షన్నర మందికి 4 లక్షల ఎకరాలకు పైగా పోడు పట్టాలు పంచడం మొదలుపెట్టినప్పుడు, పోడు కేసులు ఎత్తేస్తామని అప్పటి ముఖ్యమంత్రే ప్రకటించారు. నిన్నటిదాకా నేరమన్నది ఇవాళ హక్కయింది. అలాంటి కేసులో రాజీ, పరిహారం, సేవ అంటే ఎవరు ఎవరికి చేయాలి? కోయవాడి చేత మొక్కలు నాటించడం చూడటానికి బాగానే ఉంటుంది. భూమి హక్కు తేలకుండా నాటిస్తే మాత్రం అది సమాజ సేవ కాదు, అటవీశాఖకు వెట్టి. అక్కడ గ్రామసభ చెప్పవలసింది శిక్ష గురించి కాదు, ఆ చెలక ఎప్పటినుంచి ఎవరిదో చెప్పాలి. ఆ అధికారం అటవీ హక్కుల చట్టం గ్రామసభకు ఇచ్చే ఉంది. అడవి కేసులన్నిటిలో ముందు ఆ తీర్మానం చూసి, తర్వాతే విచారణ మొదలుపెట్టాలన్నది నా అభిప్రాయం. అటవీ అధికారులు దీన్ని ఒప్పుకోరని తెలుసు.

పన్ను కట్టలేమన్నందుకు కాకతీయ సేనతో తలపడిన ఇద్దరు కోయ ఆడవాళ్లకు రెండేళ్లకోసారి మేడారంలో కోటిమంది మొక్కే గడ్డ ఇది. రాజ్యం అడిగినదంతా న్యాయం కాదన్న ఎరుక ఇక్కడి మట్టికి ఉంది. అందులోనే ఒక మరకా ఉంది.

ఆ మరక గుత్తికోయల సంగతి. 2005లో సల్వాజుడుం మొదలయ్యాక బస్తర్ మంటలనుంచి పారిపోయి వచ్చి, తాడ్వాయి, గోవిందరావుపేట, ఏటూరునాగారం అడవుల్లో గుంపులు వేసుకుని ఉంటున్నవాళ్లు. ఛత్తీస్‌గఢ్‌లో ఎస్టీలు. మన రాష్ట్రంలో కాదు. పట్టాలు లేవు. 2017 సెప్టెంబరులో తాడ్వాయి మండలం జలగలంచలో అటవీశాఖ వాళ్ల గుడిసెలు కూల్చినప్పుడు సంగతి హైకోర్టుదాకా వెళ్లింది. 2022 నవంబరు 22న భద్రాద్రి కొత్తగూడెం జిల్లా చండ్రుగొండ మండలంలో ఒక అటవీ రేంజి అధికారిని ఇద్దరు గుత్తికోయలు చంపారు. దారుణమైన హత్య. కోర్టు విచారణ జరిపి 2023లో ఇద్దరికీ యావజ్జీవం వేసింది. కానీ అంతకు చాలా ముందే, హత్య జరిగిన కొద్ది రోజులకే, బెండాలపాడు గ్రామపంచాయతీ తీర్మానం చేసింది. గుత్తికోయలందరూ ఊరు వదిలి ఛత్తీస్‌గఢ్ వెళ్లిపోవాలని. ఇద్దరు చేసిన నేరానికి ముసలివాళ్లు, పసివాళ్లు సహా అందరికీ వెలి.

అది పోలీసు చేసిన పని కాదు, కోర్టు చేసిన పని కాదు. నేను ఇంతసేపూ ఎవరి మాట వినాలంటున్నానో అలాంటి ఊరి పంచాయతీయే చేసిన తీర్మానం. ఇక్కడ ములుగు జిల్లాలో రేపు ఒక గుత్తికోయ కుర్రాడు మేక దొంగతనంలో దొరికితే, అతని గురించి ఏ గ్రామసభను అడగాలి? అతని గుంపుకు సొంత సభ లేదు. పక్క గూడెం సభలో అతని తల్లికి చాలాసార్లు ఓటూ లేదు, చోటూ లేదు. ప్రొబేషన్ అధికారి ఎక్కడ కూర్చుని, ఎవరిని అడిగి ఆ నివేదిక రాయాలో పెసా చెప్పలేదు, 1958 చట్టమూ చెప్పలేదు. ఆ గుంపుల్లోనూ పెద్దలున్నారు, వాళ్లకూ పంచాయితీ ఉంది. ఎస్టీ సర్టిఫికెట్ ఉన్నా లేకపోయినా శిక్ష తేల్చే ముందు ఆ పెద్దలను కూడా కోర్టు పిలిపించి వినవచ్చు. దానికి అడ్డుపడే సెక్షన్ ఏదీ నాకు కనిపించలేదు. ఏ మేజిస్ట్రేటైనా రేపటి వాయిదాకే సమన్లు పంపవచ్చు.